ఉబ్బుసిరలు: శస్త్రచికిత్సా పద్ధతులు

కాళ్లలో చర్మం కింద ఉండే సిరలు సాగి, మెలికలు తిరిగి, పైకి తేలి కనబడే స్థితిని ఉబ్బుసిరలు లేదా వెరికోస్ వెయిన్స్ అంటారు. కోనసీమ పల్లెల్లో ‘కాలి నరాలు తేలాయి’, ‘పిక్కలో నరాలు ఉబ్బాయి’ అని చెప్పే బాధ చాలావరకు ఇదే. మనిషి నిలబడి ఉన్నప్పుడు 3 మి.మీ. లేదా అంతకు మించిన వ్యాసానికి సాగిన సిరలను ఈ పేరుతో లెక్కిస్తారు. అంతకంటే సన్నగా నీలంగా కనబడేవి జాలక సిరలు, 1 మి.మీ. కన్నా సన్నగా ఎర్రగా ఉండేవి సాలీడు సిరలు.

పైకి కనబడే ముడులను తొలగించినంత మాత్రాన జబ్బు పోదు. వాటిని నింపుతున్న లీకు, అంటే సిరలోని కవాటం మూతపడక రక్తం వెనక్కి జారే చోటు, సాధారణంగా గజ్జ దగ్గరో, మోకాలి వెనక గుంటలోనో ఉంటుంది. కత్తితో చేసినా, లేజర్‌తో చేసినా, జిగురుతో చేసినా శస్త్రచికిత్స చేసే పని ఆ లీకును మూయడమే. అందువల్ల ఏ పరికరం వాడారన్న దానికంటే లీకును ఎంత కచ్చితంగా గుర్తించారన్నదే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది.

సిరల నిర్మాణం, జబ్బు పుట్టే తీరు

కాలి సిరలు రెండు అంతస్తుల్లో ఉంటాయి. కండరాల మధ్య నడిచే లోతు సిరలు కాలి రక్తంలో అత్యధిక భాగాన్ని గుండె వైపు మోస్తాయి. చర్మం కింది పైసిరల వాటా తక్కువ. పైసిరల్లో ముఖ్యమైనవి రెండు. పెద్ద సఫీనస్ సిర చీలమండ లోపలి వైపు మొదలై, పిక్క, తొడల లోపలి అంచు మీదుగా సాగి గజ్జలో లోతు సిరలో కలుస్తుంది. చిన్న సఫీనస్ సిర చీలమండ బయటి వైపు మొదలై, పిక్క వెనకగా ఎక్కి సాధారణంగా మోకాలి గుంటలో లోతు సిరను చేరుతుంది. ఈ రెండు అంతస్తులనూ అక్కడక్కడ కలిపే చిన్న సిరలను పెర్ఫొరేటర్లు అంటారు.

నిలబడ్డ మనిషిలో రక్తం పైకి ఎక్కాలంటే పిక్క కండరం బిగిసి వదలాలి, ఎక్కిన రక్తం దిగిపోకుండా కవాటాలు మూసుకోవాలి. సముద్రపు పోటు నీరు చేలల్లోకి ఎగదన్నకుండా డెల్టాలో మురుగు కాలువల మొగల దగ్గర కట్టిన తలుపులు చేసే పని ఇలాంటిదే: నీటిని ఒకవైపే పోనిస్తాయి, తుప్పుపట్టి మూసుకోకపోతే ఉప్పునీరు వెనక్కి తంతుంది. సిర కవాటం మూతపడనప్పుడు రక్తం కిందికి జారి, ఆ బరువుకు కింది సిర సాగుతుంది. సిర సాగితే దాని కవాటం రెక్కలు ఒకదానికొకటి అందవు. జబ్బు అలా ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు పాకుతుంది.

వంశపారంపర్యం, వయసు, కాన్పులు, స్థూలకాయం, గతంలో లోతు సిరలో గడ్డకట్టిన రక్తం దీనికి ప్రధాన కారణాలు. గంటల తరబడి కదలకుండా నిలబడే పని ఉన్న బాధను పెంచుతుంది. వంటవాళ్లు, క్షౌరవృత్తివారు, బస్సు కండక్టర్లు, ఉపాధ్యాయులు, రొయ్యల శుద్ధి కేంద్రాల్లో బల్లల ముందు నిలబడే మహిళలు, రాజోలు, సఖినేటిపల్లి ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లు ఈ కోవలోకి వస్తారు. గర్భిణుల్లో తేలిన సిరలు కాన్పు తర్వాత కొంతవరకు అణగిపోతాయి. కాబట్టి గర్భంతో ఉండగా శస్త్రచికిత్స చేయరు, కాన్పు అయ్యాక కొన్ని నెలలు ఆగి చూస్తారు.

లక్షణాలు, దశలు

కాళ్లు బరువెక్కడం, సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు, రాత్రి పిక్కలు పట్టేయడం, దురద ఈ జబ్బు తొలి లక్షణాలు. ఏళ్లు గడిచేకొద్దీ చీలమండ పైన చర్మం నల్లబడుతుంది, గట్టిపడుతుంది, చివరికి పుండు పడుతుంది. 1994లో రూపొంది, 2004లోనూ 2020లోనూ సవరించిన సీఈఏపీ వర్గీకరణను వైద్యులు ప్రపంచమంతటా వాడుతున్నారు. ఇందులో సీ1 అంటే సాలీడు సిరలు, సీ2 అంటే ఉబ్బుసిరలు, సీ3 వాపు, సీ4 చర్మం మార్పులు, సీ5 మానిన పుండు, సీ6 మానని పుండు.

ఉబ్బిన సిర చిట్లి రక్తం కారడం అత్యవసర స్థితి. కుర్చీలో కూర్చుని కాలు వేలాడదీస్తే రక్తం ఆగదు. రోగిని వెంటనే పడుకోబెట్టి, కాలు గుండె కంటే ఎత్తున పెట్టి, కారుతున్న చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టాలి. ఆ తర్వాతే ఆసుపత్రికి తరలించాలి.

బోదకాలుతో పోలిక

కోస్తాంధ్ర జిల్లాల్లో, ముఖ్యంగా గోదావరి డెల్టాలో, బోదకాలు (ఫైలేరియా) దీర్ఘకాలంగా ఉన్న జబ్బు. దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రల సామూహిక పంపిణీ ఆ పోరాటంలో భాగమే. ఈ నేపథ్యం వల్ల ఇక్కడ కాలు వాచిన ప్రతి మనిషినీ బోదకాలు రోగిగా అనుకోవడం, ఏళ్ల తరబడి ఫైలేరియా మాత్రలతో సరిపెట్టుకోవడం జరగవచ్చు. సిరల జబ్బుకు ఆ మాత్రలు పనిచేయవు. సిరల శస్త్రచికిత్సతో బోదకాలు తగ్గదు.

రెంటినీ వేరుచేయడానికి మంచం పక్కనే చేయగల పరీక్ష ఒకటుంది. రోగి పాదంలో రెండో వేలి మొదట్లో, పైవైపు చర్మాన్ని బొటనవేలు, చూపుడువేళ్లతో గిల్లి పైకి లాగి చూస్తారు. సిరల వాపులో చర్మం మడత పడి లేస్తుంది. శోషరసం నిలిచిన బోదకాలులో అక్కడి చర్మం మందమై వేళ్ల మధ్యకు రాదు. సిరల వాపు చాలావరకు చీలమండ చుట్టూ ఉండి పాదం మీదికి తక్కువగా వస్తుంది. కాలు పైకెత్తి పడుకుంటే రాత్రికి రాత్రే చాలావరకు దిగుతుంది. బోదకాలులో వాపు పాదం మీద, వేళ్ల మీద కూడా ఉంటుంది. ముదిరినది పడుకున్నా తగ్గదు. ఒకే మనిషికి రెండు జబ్బులూ ఉండవచ్చు కాబట్టి గిల్లి చూసిన పరీక్షతోనే తేల్చేయకుండా డాప్లర్ అల్ట్రాసౌండ్ పరీక్ష చేయాలి.

డాప్లర్ పరీక్ష

పూర్వం రోగిని పడుకోబెట్టి, కాలెత్తి సిరలు ఖాళీ చేసి, తొడకు పట్టీ బిగించి నిలబెట్టి, సిరలు ఏ వైపు నుంచి నిండుతున్నాయో కంటితో చూసేవారు. ఆ పరీక్షకు జర్మన్ శస్త్రవైద్యుడు ట్రెండెలెన్‌బర్గ్ పేరు నిలిచింది. ఇప్పుడు ఆ పని కలర్ డాప్లర్ అల్ట్రాసౌండ్ చేస్తోంది.

ఈ పరీక్ష రోగి నిలబడి ఉండగానే చేయాలి. పరీక్షించే కాలిని కొంచెం బయటికి తిప్పి, బరువంతా రెండో కాలి మీద ఉంచమంటారు. గజ్జ దగ్గర ప్రోబ్ ఆనించి, రెండో చేత్తో పిక్కను ఒక్కసారి నొక్కి వదులుతారు. నొక్కగానే రక్తం పైకి పోతూ తెర మీద ఒక రంగు కనబడుతుంది. వదిలాక కవాటం బాగుంటే రంగు ఆరిపోతుంది. లీకు ఉంటే రెండో రంగు వెలిగి నిలుస్తుంది. పైసిరల్లో ఆ వెనకప్రవాహం అర సెకను మించితే జబ్బుగా లెక్కిస్తారు. తొడలో, మోకాలి వెనక ఉన్న లోతు సిరల్లో హద్దు ఒక సెకను.

డాప్లర్ నివేదికలో నాలుగు సంగతులు ఉండాలి: లోతు సిరలు తెరిచి ఉన్నాయా, పాత గడ్డల జాడ ఉందా; లీకు ఏ కూడలిలో (పైసిర లోతు సిరలో కలిసే చోట) మొదలై ఎంతవరకు పాకింది; సఫీనస్ సిర వ్యాసం ఎంత, చర్మానికి ఎంత లోతులో ఉంది; లీకవుతున్న పెర్ఫొరేటర్లు ఎక్కడున్నాయి. లోతు సిర మూసుకుపోయిన కాలిలో ఉబ్బిన పైసిరలే రక్తానికి దారి కావచ్చు. చూడకుండా వాటిని తీసేస్తే వాపు పెరుగుతుంది. పాదంలో నాడి అందకపోతే, ముఖ్యంగా చుట్ట, బీడీ అలవాటు ఉన్నవారిలోనూ మధుమేహం ఉన్నవారిలోనూ, ధమనులనూ పరీక్షించాలి. ధమని సన్నబడిన కాలికి బిగుతు మేజోళ్లు వేస్తే ప్రమాదం.

చికిత్స చరిత్ర

సుశ్రుత సంహిత నిదానస్థానంలో వర్ణించిన ‘సిరాజ గ్రంథి’ని ఉబ్బుసిరలకు దగ్గరి వర్ణనగా పలువురు చూస్తారు. ప్రాచీన రోమ్‌లో ఈ సిరలను కోసి లాగేసేవారు. సేనాని గైయస్ మారియస్ తనను కట్టనివ్వకుండానే ఒక కాలికి కోత చేయించుకుని, రెండో కాలు చాచడానికి ఒప్పుకోలేదని ప్లూటార్క్ రాశాడు. 1603లో ఇటలీలో ఫాబ్రిసియస్ సిరల కవాటాలపై గ్రంథం వెలువరించాడు. ఆయన శిష్యుడు విలియం హార్వే 1628లో రక్తప్రసరణ తీరును నిరూపించాక కవాటాల పని అర్థమైంది.

1890ల ఆరంభంలో ట్రెండెలెన్‌బర్గ్ తొడలో పెద్ద సఫీనస్ సిరను కట్టివేసే పద్ధతిని ప్రచురించాడు. 1905–07 మధ్య అమెరికాలో కెల్లర్, మేయో, బాబ్‌కాక్ ఒకరి తర్వాత ఒకరు సిరను పొడవునా లాగేసే సాధనాలు తయారుచేశారు. సిరను కూడలి అంచు వరకూ కట్టాలని 1916లో హోమన్స్ చెప్పాడు. 1999 ప్రాంతంలో రేడియో తరంగాల వేడి, లేజర్ వాడుకలోకి వచ్చాయి. ఇటలీ వైద్యుడు టెస్సారి 2000లో నురగ తయారీని సులభం చేశాడు.

నేటి పద్ధతులు

*కట్టివేత, స్ట్రిప్పింగ్.* వెన్నుకు మత్తిచ్చి లేదా పూర్తి మత్తులో చేసే పాత ఆపరేషన్ ఇది. గజ్జలో చిన్న కోత పెట్టి, పెద్ద సఫీనస్ సిర లోతు సిరలో కలిసే చోట దాని కొమ్మలన్నిటినీ విడివిడిగా కట్టి, కూడలి అంచున సిరను కత్తిరిస్తారు. ఆ తర్వాత సిర లోపలికి తీగ దూర్చి మోకాలి కిందివరకు లాగేస్తారు. చీలమండ దాకా లాగితే సిరను అంటిపెట్టుకున్న సఫీనస్ నాడి దెబ్బతిని తిమ్మిరి మిగలవచ్చు, అందుకే మోకాలి దిగువన ఆపడం ఆనవాయితీ అయింది. తొడ లోపలివైపు కమిలిపోవడం, కొన్ని వారాల నొప్పి మామూలే. ప్రత్యేక యంత్రాలు లేని ఆసుపత్రిలోనూ దీన్ని చేయవచ్చు, బాగా లావైన, చర్మానికి అతి దగ్గరగా ఉన్న సిరలకు ఇప్పటికీ పనికొస్తుంది.

*రేడియో తరంగాల చికిత్స.* మోకాలి దగ్గర సూది గుచ్చి, అల్ట్రాసౌండ్ తెర మీద చూస్తూ సన్నని గొట్టాన్ని గజ్జ కూడలికి సుమారు 2 సెం.మీ. దిగువ వరకు పంపుతారు. స్థానిక మత్తుమందు కలిపిన చల్లని సెలైన్‌ను సిర చుట్టూ నింపుతారు. ఆ నీరు నొప్పి తెలియనివ్వదు, సిరను గొట్టానికి అదుముతుంది, వేడి చర్మానికీ నాడులకూ తగలకుండా కాపాడుతుంది. ఎక్కువగా వాడే గొట్టం చివర 7 సెం.మీ. పొడవు భాగం 120 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కుతుంది. 20 సెకన్లు ఉంచి, గొట్టాన్ని ఒక భాగం కిందికి లాగి మళ్లీ వేడిచేస్తారు. గోడలు కాలి కుంచించుకుపోయిన సిర క్రమంగా నారలా మారుతుంది.

*లేజర్.* పద్ధతి ఇంచుమించు అదే. గొట్టానికి బదులు సన్నని ఫైబర్ ద్వారా లేజర్ కాంతి వెళుతుంది, ఫైబర్‌ను ఆపకుండా నెమ్మదిగా వెనక్కి లాగుతారు. తొలినాళ్లలో 810, 940, 980 నానోమీటర్ల లేజర్లు వాడేవారు. ఇప్పుడు 1470 నానోమీటర్ల లేజర్, కాంతిని చుట్టూ సమంగా వెదజల్లే ఫైబర్ వాడటంతో నొప్పి, కమిలిపోవడం తగ్గాయి. ఈ రెండు ఉష్ణ పద్ధతుల్లోనూ రోగి అదే రోజు నడిచి ఇంటికి వెళ్లవచ్చు.

*జిగురు.* శస్త్రచికిత్సల్లో వాడే సయనోఅక్రిలేట్ జిగురును చుక్కలుగా సిరలోకి వదిలి, బయటి నుంచి నొక్కి గోడలను అతికిస్తారు. వేడి లేదు కాబట్టి చుట్టూ మత్తునీరు నింపనక్కరలేదు, నాడి కాలే భయం లేదు. అమెరికాలో 2015లో దీనికి అనుమతి వచ్చింది. ఖర్చు ఎక్కువ. కొందరికి సిర వెంబడి ఎర్రబారి, అలర్జీలాంటి వాపు వస్తుంది.

*నురగ ఇంజెక్షన్.* పాలిడోకెనాల్ లేదా సోడియం టెట్రాడెసిల్ సల్ఫేట్ మందును గాలితో కలిపి, రెండు సిరంజిలను మూడుదారుల కవాటంతో కలిపి ఇటూ అటూ తోస్తారు. ఒక వంతు మందుకు నాలుగు వంతుల గాలి చేరి చిక్కని తెల్లని నురగ అవుతుంది. దాన్ని ఎక్కిస్తే రక్తాన్ని తోసుకుంటూ సిర గోడను తాకి మూసేస్తుంది. చవక, మత్తు అవసరం లేదు, వృద్ధులకూ పుండు చుట్టూ ఉన్న సిరలకూ అనువు. పెద్ద సిర మళ్లీ తెరుచుకునే అవకాశం దీనిలో ఎక్కువ, చర్మం మీద గోధుమరంగు మచ్చ నెలల తరబడి ఉండవచ్చు.

*ముడుల తొలగింపు.* ప్రధాన సిర మూసేశాక మిగిలిన ముడులను రెండు, మూడు మి.మీ. గాట్ల ద్వారా కొక్కెంతో బయటికి లాగి తీస్తారు. గాట్లకు చాలావరకు కుట్లు అక్కర్లేదు. పడుకుంటే ముడులు కనబడవు, అందుకే ఆపరేషన్‌కు ముందే రోగిని నిలబెట్టి మార్కర్‌తో చర్మం మీద గుర్తులు పెట్టుకుంటారు.

*పెర్ఫొరేటర్ల చికిత్స.* లీకవుతున్న ప్రతి పెర్ఫొరేటర్‌నూ మూయనక్కరలేదు. పుండు కింద ఉండి, 3.5 మి.మీ. మించి సాగి, అర సెకనుకు మించి లీకవుతున్న వాటినే లెక్కలోకి తీసుకుంటారు.

ఏది ఎవరికి

బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2013 జులైలో ఇచ్చిన మార్గదర్శకం ఒక క్రమం చెప్పింది: ముందు ఉష్ణ పద్ధతులు, అవి కుదరకపోతే నురగ, అదీ కుదరకపోతే కోత. అదే దేశంలో 11 కేంద్రాల్లో 798 మందిపై జరిగిన క్లాస్ అధ్యయనం అయిదేళ్ల ఫలితాలు 2019లో వెలువడ్డాయి. సిరల బాధకు సంబంధించిన జీవన నాణ్యతలో లేజర్, కోత రెండూ నురగ కంటే మెరుగ్గా నిలిచాయి. అంటే బాగా చేసిన పాత ఆపరేషన్ రెండో రకం వైద్యమేమీ కాదు. కోలుకునే కాలంలోనూ నొప్పిలోనూ మాత్రం ఉష్ణ పద్ధతులది పైచేయి.

పుండు పడినవారి విషయంలో ఆలస్యం పనికిరాదని 2018లో వచ్చిన ఈవ్రా అధ్యయనం చూపించింది. 450 మందిలో, కట్టుతో పాటు వెంటనే సిర మూసినవారికి పుండు మానడానికి మధ్యస్థంగా 56 రోజులు పట్టగా, సిర చికిత్స వాయిదా వేసినవారికి 82 రోజులు పట్టింది. పసుపు, ఆకుపసర్లు మారుస్తూ నెలలు గడిపే పుండుకు ముందు కావలసింది పొరల బిగుతు కట్టు, డాప్లర్ పరీక్ష.

అందం కోసం సాలీడు సిరలు పోగొట్టుకోవాలనేవారికి పెద్ద ఆపరేషన్ అక్కర్లేదు. బాధ లేని ఉబ్బుసిరలను గమనిస్తూ ఉండవచ్చు. బిగుతు మేజోళ్లు బాధను తగ్గిస్తాయి, చెడిన కవాటాన్ని బాగుచేయవు. డెల్టా ఉక్కపోతలో వాటిని రోజంతా తొడగడం కష్టం కావడం చాలామంది మానేయడానికి ఒక కారణం.

‘నరం తీసేస్తే రక్తం ఎలా పోతుంది’ అన్నది రోగులు తరచూ అడిగే ప్రశ్న. ఆ సిరలో రక్తం ఎలాగూ కిందికే పారుతోంది. దాన్ని మూస్తే రక్తం లోతు సిరల దారి పడుతుంది. గుండె బైపాస్‌లో వాడే సిర ఇదేనన్న భయమూ ఉంది. సాగి మెలికపడిన సిర బైపాస్‌కు సాధారణంగా పనికిరాదు. లీకు లేని ఆరోగ్యమైన సిరను మూయకపోవడానికి మాత్రం అది మంచి కారణమే.

దుష్ఫలితాలు, మళ్లీ రావడం

కమిలిపోవడం, సిర వెంట గట్టి తాడులా తగలడం, కొన్నిచోట్ల తిమ్మిరి సాధారణంగా వారాల్లో, నెలల్లో తగ్గుతాయి. చిన్న సఫీనస్ సిరకు చేసినప్పుడు పిక్క వెనక నాడికి దెబ్బ తగిలే వీలుంది. లోతు సిరలో రక్తం గడ్డకట్టడం అరుదైనా ప్రమాదకరం. చికిత్స తర్వాత పిక్క బిగుసుకుని వాచినా, ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఉష్ణ పద్ధతుల తర్వాత మూసిన చోటి గడ్డ లోతు సిరలోకి పొడుచుకు రాలేదని డాప్లర్‌లో చూసుకుంటారు.

ఏ పద్ధతిలోనైనా కొందరికి ఏళ్ల తర్వాత జబ్బు తిరిగి వస్తుంది. గజ్జలో కొత్త సన్నసిరలు పుట్టడం, మూసిన సిర తెరుచుకోవడం, మొదటిసారి బాగున్న మరో సిర పాడవడం అందుకు దారులు. ఆ మార్పులను కత్తి గానీ లేజర్ గానీ పూర్తిగా ఆపలేవు.

సఖినేటిపల్లి నుంచి చికిత్సకు దారులు

వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న సఖినేటిపల్లి మండలం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోది. ఇక్కడి రోగులకు రెండు వైపులా దారులున్నాయి. తూర్పున రాజోలు మీదుగా అమలాపురం వెళితే కోనసీమ వైద్య విజ్ఞాన సంస్థ, ఇంకా దూరం వెళితే 1958లో ఆరంభమైన రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధమైన కాకినాడ ప్రభుత్వాసుపత్రి. పడమట పంటు మీద రేవు దాటితే నరసాపురం, అటుపైన పాలకొల్లు, భీమవరం. పంటు వద్దనుకుంటే దిండి–చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి.

ఉష్ణ పద్ధతుల్లో వెన్నుకు మత్తు అవసరం లేదు కాబట్టి రోగి అదే రోజు ఈ దారుల్లో దేనిలోనైనా తిరిగి రావచ్చు. ప్రయాణంలో కాలు వేలాడదీసి గంటలు కూర్చోకుండా, మధ్యమధ్య దిగి నాలుగడుగులు వేయాలి. పంటు మీద కూర్చునే బదులు అటూ ఇటూ నడవడం మేలు. గల్ఫ్ ప్రయాణం ఉన్నవారు చికిత్సకు ముందే వైద్యునికి చెప్పాలి, చికిత్స చేసిన తొలి వారాల్లో దూరపు విమానప్రయాణం వాయిదా వేయమంటారు. నాట్లు, కోతల పనులున్నవారు చర్మం మీది గాట్లు పూర్తిగా మానేవరకు బురదలో దిగకూడదు.

రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్‌టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం కింద తమకు చెప్పిన పద్ధతి వర్తిస్తుందో లేదో, వర్తిస్తే ఏ ఆసుపత్రిలోనో, చేరకముందే పథకం సహాయ కౌంటర్‌లో తేల్చుకోవాలి. ఒకే జబ్బుకు కోత ఆపరేషన్ ఉచితమై, లేజర్‌కు సొంత డబ్బు పెట్టవలసి రావచ్చు. ఆ పరిస్థితిలో లేజర్ కోసం అప్పు చేయవలసిన వైద్యకారణం చాలామందికి ఉండదు. నిలబెట్టి తీసిన డాప్లర్ నివేదిక, లోతు సిరలు బాగున్నాయన్న నిర్ధారణ, లీకు మొదలైన కూడలి పేరు, ఈ మూడూ చేతిలో ఉంటే ఏ ఒడ్డున ఉన్న శస్త్రవైద్యుడైనా తన దగ్గరున్న పద్ధతితో సరైన చికిత్స మొదలుపెట్టగలడు. ఆ నివేదికను భద్రపరచుకోవడం మరీ ముఖ్యం. జబ్బు తిరిగి వచ్చినప్పుడు పాత లీకో కొత్త లీకో తేల్చడానికి వైద్యుడు మొదట అడిగేది ఆ కాగితమే.